పూచీ ముడి

రత్నగండి రాజ్యానికి పడమట, చిలకలేరు రెండు కొండల నడుమ ఇరుక్కుని పారేచోట ఒక లోయ ఉంది. నీళ్ళ హోరుకు అక్కడ పిట్టకూత కూడా వినబడదు. కొండ ఏనుగు పక్కలా నల్లగా, నునుపుగా నిలువునా లేస్తుంది. మధ్యమధ్య గోరింటాకు పండిన రంగులో రాతిచారలు. ఎండ ఎక్కిందంటే ఆ చారలు కొలిమిలోంచి తీసిన ఇనుములా మెరుస్తాయి. పైన చేటలంతేసి తేనెపట్లు, కింద తెల్లటి నురగ, ఆ రెంటికీ మధ్య మనిషి వెడల్పున ఒకే ఒక్క కాలిబాట. బాట చివర, గుమ్మడికాయను లోపల తొలిచినట్టు గుండ్రంగా ఒక గుహ. దాన్ని గవ్వలమఠం అంటారు. అక్కడ మఠమూ లేదు, సన్యాసులూ లేరు. పాచికలున్నాయి.

రత్నగండిలో జూదమాడినవాడికి కుడి బొటనవేలు తీసేస్తారు. అందుకని ఆట గుహలోకి వెళ్ళింది. గుహలోకి వెళ్ళిన ఆటలో మోసపోయినవాడు కొత్వాలుకు చెప్పుకోలేడు. చెప్పుకోవాలంటే ముందు తన బొటనవేలు సమర్పించుకోవాలి. ఈ సంగతి ఆడించేవాడికి బాగా తెలుసు. ఆడేవాడికి మాత్రం మొదటి పందెం గెలవగానే మరుపుకొస్తుంది. రాత్రిపూట దివిటీల వెలుగు కోట బురుజు మీది కావలివాళ్ళ కంటబడుతుందని ఆట పొద్దెక్కాక మొదలుపెట్టి, పొద్దు వాలేలోగా ముగిస్తారు.

ఆ ఉదయం ఇద్దరు మనుషులు కొండ కింద తెప్ప కట్టేసి ఆ బాట ఎక్కుతున్నారు. ముందు నడిచేవాడు బైచన. వెనక జరీ తలపాగా, చెవులకు రాళ్ళపోగులు, నొసట గంధపు పట్టె, అంటించుకున్న మీసంతో వస్తున్నవాడు మలయశెట్టి అనే గంధపుచెక్కల వర్తకుడు. లోకానికి శెట్టే. నిజానికి వాడు చిలకలేటి మీద పెద్ద తెప్ప నడిపే గొంకన.

వాళ్ళిద్దరూ తెప్పలవాళ్ళ పెద్ద బొల్లన ఇంట పెరిగారు. బైచన కన్నకొడుకు. గొంకన ఏడాది పిల్లవాడిగా వరదలో కొట్టుకొచ్చి బొల్లన తెప్పకు తగిలి ఆగినవాడు. బొల్లన భార్య ఇద్దరికీ తన పాలే ఇచ్చింది. మూడు రోజుల కింద ఖజానా అధికారి రాజముద్రికను పెట్టెలో పెట్టుకుని బొల్లన తెప్ప ఎక్కాడు. ఏరు దాటి పెట్టె తెరిస్తే ముద్రిక లేదు. తెప్ప బొల్లనది కనుక నేరమూ బొల్లనదే అన్నాడు రాజు. మూడోనాటి పొద్దు గుంకేలోగా ముద్రిక రాకపోతే ముసలివాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి కోటరేవు కింది మొసళ్ళ మడుగులో వేయమన్నాడు. ఈ రోజే మూడోనాడు.

నిన్న సాయంత్రం బైచన పరుగున వచ్చి చెప్పిన కబురు ఏమిటంటే, ముద్రిక గవ్వలమఠంలో ఉంది, ఒక ఒంటికంటి వజ్రాల వర్తకుడు దాన్ని పందెంగా ఒడ్డబోతున్నాడు. తెప్పలవాళ్ళ ఆడవాళ్ళు పుస్తెలు తప్ప ఒంటిమీది బంగారమంతా తీసి మూటకట్టి గొంకన చేతిలో పెట్టారు. కొత్తవాణ్ణి గుహలోకి రానివ్వాలంటే అక్కడ అలవాటున్న మనిషి పూచీ నిలవాలి. తాను నిలుస్తానని, తెప్పలవాడి దగ్గర అంత బంగారం చూస్తే అనుమానిస్తారు కనుక శెట్టి వేషం వేసుకోమని అన్నాడు బైచన. అన్నకు ఆ గుహలో అలవాటు ఎలా అయిందో గొంకన అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

గుహ వాకిట్లో సూరమ్మ అనే ముసలమ్మ కూర్చుని ఉంది. చెప్పులూ ఆయుధాలూ కాపలా కాయడం ఆమె పని. నోరు విప్పి లోపలి సంగతులు చెప్పకపోవడం ఆమె జీతం. గొంకన కత్తి తీసుకుని, ఒరలోంచి దుయ్యకుండా పిడి దగ్గర కరిగిన లక్క పోసి ముద్రవేసింది. పోయేటప్పుడు వేడిచేసి విప్పుతారట. తర్వాత గొంకన ఎడమ చెప్పునూ బైచన కుడి చెప్పునూ దగ్గరికి చేర్చి ఒక ఎర్రతాడు బైచనకు అందించింది. దాంతో రెండింటినీ కలిపి ముడివేయాలి. అదే పూచీ ముడి. కొత్తవాడు మోసం చేస్తే పాతవాడు బాధ్యుడు. కొత్తవాడికి హాని జరిగితే పాతవాడి ప్రాణం అడ్డు. ఆట ముగిసి ఇద్దరూ కలిసి బయటికి వచ్చేదాకా ఆ ముడి ఎవరూ ముట్టరు.

బైచన కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది. తాళ్ళకు పట్టించే మైనం కాస్తుంటే ఒలికిందని రెండు రోజులుగా చెబుతున్నాడు. ఎడమచేత్తో, పళ్ళతో లాగి ముడి బిగించాడు.

లోపల చల్లగా ఉంది. గోడల నిండా గవ్వలు తాపడం చేసి, పైకప్పులోని చీలికలోంచి పడే ఎండకు అవి వేయి కళ్ళలా మిలమిలలాడుతున్నాయి. పులితోలు పరిచిన తిన్నె మీద ఆట ఆడించే ఇంటాయన కూర్చున్నాడు. వెలుగు పడని కళ్ళజబ్బని ముఖానికి పసుపుపచ్చ పట్టుతెర వేలాడేసుకున్నాడు. అతని గొంతు వెన్నలా మెత్తగా ఉంది. శెట్టిగారి వ్యాపారం ఎలా ఉంది, ఏ దారిన వచ్చారు, తోడు ఎవరున్నారు, మూట ఎవరి దగ్గర ఉంది అని కుశలప్రశ్నలు అడిగాడు. ఇలాంటి కుశలం అడిగేవాడి దగ్గర నోరు కట్టుకోవాలి. గొంకన మర్యాద అనుకుని అన్నింటికీ జవాబు చెప్పాడు.

పందెం సులువైనది. దంతపు పాచికలు రెండు, ఎక్కువ పడినవాడిది గెలుపు. గొంకన మొదట గెలిచాడు, తర్వాత వరసగా ఓడాడు. పిన్నమ్మ వంకీలు, మేనత్త కాసులపేరు, పక్కింటి కొత్తకోడలి చెవికమ్మలు ఒక్కొక్కటే అవతలివాళ్ళ ముందుకు జరిగిపోయాయి. మూటలో పిడికెడు బంగారం మిగిలినప్పుడు ఒంటికంటి వర్తకుడు తాబేటి చిప్పలో ఒక వస్తువు పెట్టి పట్టకారుతో ముందుకు నెట్టాడు. నీలపురాయి మీద మకరం చెక్కిన ఉంగరం. రాజముద్రిక.

అది దొంగ చేతిని నిప్పై కాలుస్తుందని, దాన్ని తొడిగిన వేలు తాకితేనే కోట రాతిద్వారం తెరుచుకుంటుందని దేశంలో అందరికీ తెలుసు. అందుకే పట్టకారు.

గొంకన మిగిలిన బంగారమంతా ఒడ్డి, దాని మీద తన పెద్ద తెప్పను కూడా మాటగా ఒడ్డాడు. అప్పుడే బైచన నాలుక పిడచగట్టిందని, మంచినీళ్ళు తాగి వస్తానని లేచి వాకిట్లోకి వెళ్ళాడు. వర్తకుడి పాచికలు పదకొండు చూపించాయి. గొంకన కళ్ళు మూసుకుని అయ్యను తలుచుకుని విసిరాడు. ఒక పాచిక ఆరు. రెండోది చిప్ప అంచున గిరగిరా తిరిగి, ఊగి, పడింది. ఆరు.

గుహలో ఎవరూ నిట్టూర్చలేదు. రాజ్యం విలువచేసే వస్తువు పోగొట్టుకున్న ఒంటికంటివాడు ఆవులించాడు. ఇంటాయన ఆట ఆడించినందుకు తన వాటాగా ఒక చిన్న ఉంగరం మాత్రం తీసుకుని, శెట్టిగారు జాగ్రత్తగా వెళ్ళాలన్నాడు. గొంకన భయపడుతూ ముద్రికను వేలితో తాకాడు. చల్లగా ఉంది. ఆ చల్లదనానికి వాడికి ఏడుపు వచ్చినంత పనైంది. దాన్ని నడుముపట్టీలో దోపుకుని బయటికి వచ్చాడు.

వాకిట్లో బైచన లేడు. వాడి చెప్పులూ లేవు. గొంకన చెప్పులు మాత్రం ఉన్నాయి. ఎర్రతాడు పక్కన చుట్టచుట్టుకుని పడి ఉంది.

మన కథానాయకుడు ఇక్కడ చేసిన పొరపాటు తెప్పలవాడు తప్ప ఇంకెవడూ చేయడు. చిలకలేటి మీద ప్రయాణం పోయే తెప్పకు ఒడ్డున కట్టిన ముడిని పోయేవాడు విప్పుకోకూడదు. వాడి క్షేమం కోరే అయినవాడు ఒకడు ఒడ్డున నిలబడి విప్పాలి. పోయి రా అని నోటితో చెప్పరు. ముడి విప్పడమే ఆ మాట. గొంకన ఆ తాడును చూసి, లోపల ప్రాణాలు ఉగ్గబట్టుకుని తాను పాచికలు విసురుతుంటే అన్న బయట నిలబడి తన కోసం ముడి విప్పాడనుకున్నాడు. వాడి ముఖం వికసించింది.

సూరమ్మ వాడి ముఖాన్నే చూస్తోంది.

"ముడి ఇప్పింది ఆయనే. నువ్వు ఆఖరి పాచిక ఎయ్యకముందే ఇప్పాడు."

"తెలుసవ్వా. మావాళ్ళలో అది మంచి కోరడం."

"గంధపు శెట్లలోనా?"

గొంకన నాలుక కరుచుకున్నాడు. తొందరలో చెప్పులు తొడగబోతే అవి బయటికి కాక గోడవైపుకు తిరిగి ఉన్నాయి. అందరి చెప్పులూ బాటవైపు తిప్పి పెట్టే ముసలమ్మ వాడివి మాత్రం బాటకు పెడముఖంగా పెట్టింది. కత్తి లక్క విప్పమంటే, నిప్పు ఆరిందంది. ఆరలేదు. ఆర్పారు. ఆమె చెప్పగలిగినదంతా చెప్పులతో చెప్పింది. వాడు వాటిని సరిగ్గా తిప్పుకుని, తొడుక్కుని, వచ్చిన బాటనే దిగాడు.

మొదటి మలుపులో బైచన ఎదురుచూస్తున్నాడు. దొరికిందా అన్నాడు. దొరికిందని తమ్ముడు నడుముపట్టీ తడిమి చూపించాడు. ఇద్దరూ నాలుగు అంగలు వేశారో లేదో పైనుంచి వల పడింది.

ముఖాలకు మసి పూసుకున్న ఐదుగురు బండల చాటు నుంచి దూకారు. గొంకన వల అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఇద్దరు బోర్లా పడ్డారు. కత్తి దుయ్యబోతే లక్క పట్టు వదల్లేదు. ఒరతో పాటే కత్తిని దుడ్డుకర్రలా తిప్పాడు. ఒకడి దవడ పగిలింది, ఒకడి మోచేయి విరిగింది. అంతలో ఎత్తున నిలబడ్డ విలుకాడి బాణం వచ్చి గొంకన తొడలో దిగింది. వాడు మోకాళ్ళ మీద కూలాడు. కింద తెప్ప ఊగుతూ కనబడుతోంది. పొద్దు పడమటి కొండకు ఇంకా రెండు బారల ఎత్తున ఉంది.

ఈ కాలితో తెప్ప దాకా పోలేనని వాడికి తెలిసిపోయింది. నడుముపట్టీలోంచి ముద్రిక తీశాడు.

"అన్నా, దీన్ని కోటరేవుకు చేర్చు. అయ్యను విడిపించు. వీళ్ళను నేను చూసుకుంటాను."

బైచన ఎడమచేయి చాచాడు. తమ్ముడి చేతిలోంచి అన్న చేతిలోకి ముద్రిక మారింది. చల్లగానే ఉంది. బైచన గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. మరుక్షణం మసిముఖాలవాళ్ళంతా ఆయుధాలు దించి బైచనకు దారి ఇచ్చి నిలబడ్డారు.

గొంకనకు ముందు అర్థం కాలేదు. అన్న పారిపోవడం లేదేమని చూశాడు. తర్వాత బైచన తాపీగా కుడిచేతి గుడ్డ విప్పడం చూశాడు. అరచేతి మధ్య కాలిన మచ్చ, గుండ్రంగా, ఉంగరమంత. నడుమ మకరం తోక కూడా అచ్చు పడింది.

మైనం అలా కాలదు.

బాట పైనుంచి మెత్తటి గొంతు నవ్వింది. ఇంటాయన దిగి వస్తున్నాడు. పట్టుతెర తొలగింది. తెర వెనక గుడ్లగూబ కళ్ళు, రెప్పలు లేనివి, పసుపుపచ్చగా. రత్నగండి కోటను పన్నెండేళ్ళుగా కాజేయాలని చూస్తున్న మాంత్రికుడు ఉలూకదత్తుడు అతనే. దొంగిలించిన ముద్రిక ఎవరి చేతా నిలవదని, దొంగ సొత్తని తెలిసీ తన కోసం తీసుకునే ఎవరి చేతినైనా అది కాలుస్తుందని, కపటం లేని చెయ్యి ఒకటి మధ్యలోకి వచ్చి ఎత్తుకుని తానుగా ఒకరికి ఇస్తేనే దాని కోపం చల్లారుతుందని అతను పాఠం చెప్పినట్టు చెప్పాడు. అలాంటి చెయ్యి తన పరివారంలో ఒక్కటీ లేదని, బైచన తన ఇంట్లో ఒకటుందని చెప్పాడని కూడా అన్నాడు. పాచికలు ఆఖరి పందెంలో గొంకనకే పన్నెండు పడేట్టు ముందే కట్టినవి. ఓటములు నమ్మించడానికి.

గొంకన మాంత్రికుడి వైపు చూడలేదు.

"అయ్యరా. నీ అయ్య."

"నా అయ్యే." అన్నాడు బైచన. "పెద్ద తెప్ప ఎవరికిచ్చాడు? పదేళ్ళు గెడ తోసింది నేను. సరంగు తలగుడ్డ నీకు చుట్టాడు. ఏట్లో దొరికినోడికి. ఈ అయ్యగారు నాకు రేవు మొత్తం రాసిస్తానన్నారు."

"నన్నడిగుంటే అప్పుడే ఇచ్చేసేవాణ్ణి. తెప్పా, తలగుడ్డా రెండూ."

"తెలుసు. అదేరా నాకు పడనిది."

అలా అని బైచన కోటరేవుకు వీపు తిప్పి, మాంత్రికుడి వైపు ఒక అడుగు వేశాడు.

ముద్రికలోంచి సన్నగా పొగ లేచింది. గొంకన దాన్ని బైచనకు ఇచ్చిన మాట నిజం. కానీ కోటరేవుకు చేర్చమని ఇచ్చాడు. ఆ దారి తప్పిన మరుక్షణం బైచన మళ్ళీ దొంగే. వాడు చెయ్యి విదిలించబోయాడు. వేళ్ళు ముడుచుకుపోయాయి. పిడికిలి బిగిసి, రాయిలా మారి, సందుల్లోంచి నీలపు మంట నాలుకలు చాచింది. వాడి కేక నీళ్ళ హోరును మించి కొండకు కొట్టుకుంది. ఉలూకదత్తుడు ముందుకు ఉరికి, ఆ చెయ్యి మణికట్టు దాకా నరికి పట్టకారుతో తెమ్మని అరిచాడు. మసిముఖాలవాడొకడు కత్తి ఎత్తాడు.

అప్పుడు గొంకన చేసిన పని ఎందుకు చేశాడో వాడికే తెలియదు. తొడలోని బాణాన్ని విరిచి, లక్కపోసిన కత్తిని ఒరతో సహా బలమంతా కూడదీసుకుని పైకి విసిరాడు. అది తిరుగుతూ పోయి చేటంత తేనెపట్టు నడుమ గుచ్చుకుంది. కొండ ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక జుమ్మనే మోత. నల్లటి మేఘం కిందికి దిగింది. కత్తి ఎత్తినవాడి ముఖం కనబడకుండా పోయింది. మాంత్రికుడు మంత్రం చదవబోతే నోటి నిండా తేనెటీగలే. బాటకు అల్లుకున్న తీగలు సగం మంత్రానికి సగం పాములై, తల ఉండి తోక లేక గిలగిల కొట్టుకున్నాయి. గొంకన బైచన నడుము చుట్టూ చేయి వేసి బాట అంచు నుంచి దూకాడు.

నీళ్ళు బండలా తగిలాయి. మునిగి, తేలి, సుడి నెట్టుకుపోయినచోటికి పోయి, తెప్ప వెదురు అందుకున్నాడు. అన్నను జుట్టుపట్టి పైకి లాగి పడేశాడు. నీళ్ళలో ఉన్నంతసేపూ చల్లారిన పిడికిలి మళ్ళీ రాజుకోబోయి, తెప్ప మూతి కోటరేవు వైపు తిరిగి ఉండడం చూసి కాబోలు, ఆగింది. కానీ వేళ్ళు విడలేదు. గొంకన ఒక్కొక్క వేలినీ పట్టి లాగాడు. ఇనుప గొలుసు లాగినట్టుంది. ముద్రిక కోటకు చేరాలంటే ఈ చెయ్యి చేరాలి. చెయ్యి చేరాలంటే ఈ మనిషి చేరాలి.

తలపాగా పోయింది, మీసం పోయింది. తలపాగా జరీ పేలిక ఒకటి మెడకు చిక్కుకుని మిగిలింది. దాన్ని పేని, అన్న మణికట్టునూ తన మణికట్టునూ కలిపి ముడివేశాడు. సుడిలో కూడా జారని సరంగుల ముడి. దాన్ని నేర్పింది బొల్లన.

ఇంక ఒడ్డుముడి మిగిలింది. తాడు బిగిసి ఊగుతోంది. పైన తేనెటీగల మేఘాన్ని చీల్చుకుని, మూడు బారల రెక్కలు విప్పి ఒక గుడ్లగూబ లేచింది. గొంకన ఖాళీచేయి తాడు మీదికి వెళ్ళి ఆగింది. బతుకులో ఎన్నడూ తన తెప్ప ముడి తాను విప్పుకోలేదు. ఎప్పుడూ విప్పేది ఈ పక్కన పడి ఉన్నవాడే.

"ఏ కొస లాగాలో చెప్పు నాయనా. నాకు తెలీదు."

ఒడ్డు బండ మీద సూరమ్మ నిలబడి ఉంది. ఆయాసపడుతోంది. ముఖం మీద మూడుచోట్ల తేనెటీగలు కుట్టి వాచిపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. ఇన్నాళ్ళు అందరి చెప్పులూ కాచిన మనిషి.

"పొట్టి కొస అవ్వా. నీవైపుకు. ఎక్కు, నువ్వూ రా."

"నేనెక్కితే ఇప్పేదెవరు?" అంటూ ముసలమ్మ వంగి, పొట్టి కొస పట్టి లాగింది.

తెప్ప బాణంలా విడివడింది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పటికే బండల చాటున తేనెటీగల పొగలో కలిసిపోయింది. ముందర రంపపురాళ్ళు నీళ్ళలోంచి పళ్ళు బయటపెట్టి ఉన్నాయి. ఏరు ఇలా పొంగే వర్షాకాలంలో ఎవరూ ఆ దారిన తెప్ప తోయరు. రెండు గెడలు కావాలి, నాలుగు చేతులు కావాలి. వాళ్ళకున్నవి రెండు ఖాళీచేతులు, కట్టేసినవి రెండు. గొంకన ఒంటిచేత్తో గెడ అందుకున్నాడు. పొద్దు కొండ భుజం మీదికి దిగింది. గుడ్లగూబ నీడ తెప్పను దాటి, వెనక్కి తిరిగి, మళ్ళీ తెప్ప మీదికి వచ్చింది.

బైచన కళ్ళు తెరిచాడు. రాళ్ళను చూశాడు. మణికట్టు చూసుకున్నాడు. తెప్ప బద్దలైతే కలిసి కట్టిన ఇద్దరూ మునుగుతారని వాడికీ తెలుసు. వాడూ తెప్పలవాడే.

"ముడి ఇప్పరా గొంకా. రాళ్ళొస్తున్నాయి."

గొంకన రెండో గెడను కాలితో వాడి వైపు తన్నాడు.

"అయ్య ఇప్పుతాడు. గెడ పట్టు."